బండి ఎత్తు మారితే వైరు కొలత తప్పుతుంది

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కార్లు ఎక్కువగా సెల్లార్లలోనే ఉంటాయి. పొద్దున బండి బయటికి తీసేటప్పుడు ఏటవాలు ర్యాంపు ఎక్కాలి. గేటు దాటగానే స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పాలి. సరిగ్గా అప్పుడే ముందు చక్రం ఒకటి ర్యాంపు అంచు దిగి గాల్లో వేలాడినట్టవుతుంది. పది సెకన్లు కూడా పట్టని ఈ మలుపులో ముందు సస్పెన్షన్ దాదాపు తన చివరి హద్దు దాకా సాగుతుంది. ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించిన బండిలో ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లైటు మొదటిసారి వెలగడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

ఆ తర్వాత లైటు ఒకోసారి వెలుగుతుంది, ఒకోసారి ఆరిపోతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లిన రోజున ఆరిపోయే ఉంటుంది. మీటరు పెట్టి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. చివరికి చక్రం వేగం కొలిచే సెన్సర్ పోయిందని కొత్తది వేస్తారు. వారం తిరక్కుండా అదే లైటు మళ్లీ వస్తుంది. సెన్సర్‌కు ఏమీ కాలేదు, దానికి వెళ్లే వైరు చాలడం లేదు.

సస్పెన్షన్ మార్చాక వచ్చే కరెంటు లోపాల్లో చాలావాటి మూలం కరెంటులో ఉండదు, కొలతలో ఉంటుంది. కంపెనీ ఒక వైరును కోసేటప్పుడు చక్రం ఎంత పైకి లేస్తుంది, ఎంత కిందికి దిగుతుంది, స్టీరింగ్ ఎంత తిరుగుతుంది అని లెక్క కట్టి, ఆ కదలికకు సరిపడా వదులు ఇచ్చి కోస్తుంది. దాన్ని ఎక్కడ క్లిప్పుతో పట్టాలి, ఎక్కడ ఊగనివ్వాలి అన్నది కూడా ఆ లెక్కలోదే. ఎత్తు మారితే లెక్క మారుతుంది, వైరు మాత్రం పాతదే ఉంటుంది.

అయితే అన్ని మార్పులూ వైరును ఒకేలా ఇబ్బంది పెట్టవు. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు బండి ముక్కును కాస్త పైకి లేపుతాయి గానీ, చక్రం కిందికి వేలాడే హద్దును మార్చవు. ఆ హద్దు షాకబ్జర్ పొడవును బట్టి ఉంటుంది. కాబట్టి బఫర్లు మాత్రమే వేసిన బండిలో ఏబీఎస్ లైటు వస్తే వైరు లాగుకుపోయిందని అనుకోవడం తప్పుదారి. బిగించేటప్పుడు చెయ్యి తగిలి కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) వదులైందా, క్లిప్పు విరిగిందా, పానా తగిలి వైరు నలిగిందా అని చూడాలి. స్ట్రట్ (షాకబ్జర్, స్ప్రింగు కలిసిన ముక్క) పైన స్పేసర్ అనే దిమ్మె పెట్టినప్పుడు కథ వేరు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ మీద 40 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే, చక్రం పాత హద్దు కంటే దాదాపు మరో 40 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. పొడవాటి షాకబ్జర్లు వేసినా అంతే. స్పీడ్ సెన్సర్ వైరులో కంపెనీ ఇచ్చిన వదులు అంత ఉండకపోవచ్చు. ఇక బండిని కిందికి దించినప్పుడు వైరు సాగదు, ఇబ్బంది పైనుంచి వస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద టైరు పైకి లేచి మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను రాస్తుంది. కొన్నాళ్లకు దాన్ని కోసేసి, వెనక దాగిన వైరింగ్ మీద పడుతుంది. కాలనీకి నాలుగు స్పీడ్ బ్రేకర్లున్న ఊళ్లో దీనికి ఎక్కువ రోజులు పట్టదు.

పాత జీపులకు, పాత బొలెరోలకు కమాన్లు మార్చి ఎత్తు పెంచినప్పుడు ఈ తలనొప్పి ఎందుకు లేదంటే, చాలా పాత బండ్లలో చక్రం దగ్గరికి వైరే పోయేది కాదు. మన దేశంలో కొత్త మోడల్ కార్లకు 2018 ఏప్రిల్ నుంచి, అమ్ముడయ్యే అన్ని కొత్త కార్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంటే నాలుగు చక్రాల దగ్గరికీ సెన్సర్ వైర్లు చేరాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక సైలెన్సర్ గొట్టం పొడవునా సెన్సర్లు పెరిగాయి. చేయి తిరిగిన మెకానిక్ పదేళ్ల కింద నిశ్చింతగా చేసిన పనే ఈరోజు చేస్తే డాష్‌బోర్డు మీద మూడు నాలుగు లైట్లు వెలగొచ్చు. పనితనం తగ్గలేదు, బండి మారింది.

ఆ మూడు నాలుగు లైట్ల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, హిల్ హోల్డ్, కొన్ని బండ్లలో ఫోర్ వీల్ డ్రైవ్ లైటు కూడా ఒకేసారి వెలిగితే ఓనరుకు గుండె జారుతుంది. బండి మొత్తం పోయిందనుకుంటారు. నిజానికి అవన్నీ చక్రాల వేగం లెక్క మీదే బతికే వ్యవస్థలు. ఒక్క చక్రం లెక్క అందకపోతే అన్నీ కలిసి పక్కకు తప్పుకుంటాయి. ఒకేసారి వచ్చిన నాలుగు లైట్లకు నాలుగు కారణాలు వెతకకూడదు, ఒక్క కారణమే వెతకాలి.

వెతకడం మాటతో మొదలవ్వాలి, మీటరుతో కాదు. లైటు ఎప్పుడు వెలిగింది అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరికితే సగం పని అయినట్టే. తాళం తిప్పగానే వెలిగి ఆరకుండా ఉంటే, ఏబీఎస్ యూనిట్ (దాన్ని నడిపే చిన్న కంప్యూటర్) నిలబడి ఉన్న బండిలోనే సర్క్యూట్ తెగినట్టో, షార్ట్ అయినట్టో కనిపెట్టిందని అర్థం. ఆ సర్క్యూట్ పూర్తిగా పోయింది, వెతకడం తేలిక. బండి కదిలి కాస్త వేగం అందుకున్నాక వెలిగితే సర్క్యూట్ కలిసే ఉంది, సిగ్నలే సరిగా రావడం లేదు. సెన్సర్‌కూ చక్రంతో తిరిగే రింగుకూ మధ్య ఎడం మారిందేమో, బేరింగు కొట్టేటప్పుడు దానిలోని అయస్కాంత రింగు దెబ్బతిందేమో, టైర్లు వేర్వేరు సైజులు వేశారేమో చూడాలి. గతుకుల్లోనో, స్టీరింగ్ తిప్పినప్పుడో వెలిగితే వైరు లోపల తెగి అతుక్కుంటూ ఉంది. వాన పడ్డ రోజే వెలిగితే కప్లర్‌లోకి నీళ్లు పోతున్నాయి.

ఆ తర్వాతే, యూనిట్లు దాచిన లోపాల కోడ్లు చదివే స్కానర్. ఇక్కడ ఒక పొరపాటు చాలా తరచుగా జరుగుతుంది: స్కానర్ పెట్టగానే కోడ్లు చెరిపేయడం. లైటు ఆరిపోయిందని ఓనరు సంతోషంగా వెళ్లిపోతారు, ఆధారం కూడా ఆ కోడ్లతోనే పోతుంది. ముందు కోడ్లన్నీ ఫోటో తీసుకోవాలి. కోడ్ పుట్టినప్పుడు వేగం ఎంత, బ్యాటరీ వోల్టేజి ఎంత అన్న వివరాన్ని కొన్ని యూనిట్లు దాచి ఉంచుతాయి, అదీ రాసుకోవాలి. సీ అక్షరంతో మొదలయ్యేవి చాసిస్ కోడ్లు, బీ అంటే బాడీ, పీ అంటే ఇంజన్, గేర్‌బాక్సు, యూ అంటే యూనిట్ల మధ్య మాటామంతీ. సీ0035 అంటే ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్ అని ప్రామాణిక జాబితా చెబుతుంది, కంపెనీలు తమ సొంత కోడ్లు కూడా వాడతాయి. ఏ కోడైనా సర్క్యూట్ పేరే చెబుతుంది. ఆ సర్క్యూట్‌లో సెన్సర్ ఉంది, వైరు ఉంది, రెండు మూడు కప్లర్లున్నాయి, యూనిట్ ఉంది. కోడ్‌లో సెన్సర్ పేరు కనిపించింది కదా అని సెన్సర్ మార్చేయడం వల్లే ఓనర్ల డబ్బు ఎక్కువగా వృథా అవుతోంది.

అసలైన పరీక్షకు ఇద్దరు మనుషులు, ఒక జాక్, దృఢమైన స్టాండ్లు చాలు. ఒకరు లోపల కూర్చుని స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం లైవ్‌గా చూస్తూ ఉండాలి. ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచాలి. అనుమానం ఉన్న చక్రాన్ని స్టాండ్ మీద పూర్తిగా కిందికి వేలాడనివ్వాలి. స్టీరింగ్‌ను ఎడమ చివర దాకా, తర్వాత కుడి చివర దాకా తిప్పాలి. ప్రతి చివరా ఆగి, రెండో మనిషి వైరును నకిల్ (చక్రాన్ని పట్టి ఉంచే ముక్క) దగ్గర్నుంచి మడ్‌గార్డు లోపలి గ్రోమెట్ (వైరు బాడీలోకి దూరే రంధ్రానికి ఉండే రబ్బరు) దాకా కంటితో, వేలితో తడిమి రావాలి. సరైన వైరు ఈ భంగిమలోనూ కొంచెం వంకీ తిరిగి వదులుగా ఉంటుంది. కొలత చాలని వైరు వీణ తీగలా బిగిసి ఉంటుంది, వేలితో మీటితే తెలిసిపోతుంది. గ్రోమెట్ రబ్బరు పక్కకి లాగుకుపోయి చెవిలా సాగి కనిపిస్తుంది. తర్వాత అదే భంగిమలో చక్రాన్ని చేత్తో గట్టిగా, సమంగా తిప్పుతూ వైరును కదిలించాలి. స్కానర్‌లో అంకె వచ్చిపోతూ ఉంటే దొంగ దొరికినట్టే. పాత రకం సెన్సర్లలో చేత్తో తిప్పే నెమ్మది వేగానికి సిగ్నల్ అందకపోవచ్చు. అప్పుడు పక్కనున్న మంచి చక్రాన్ని కూడా అలాగే తిప్పి పోల్చుకోవాలి.

గ్యారేజీలో నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా చూస్తే ఇదేదీ కనిపించదు. లోపం ఏ భంగిమలో వస్తుందో బండిని ఆ భంగిమలో పెట్టి చూడాల్సిందే.

లాగుకుపోయిన వైరు లోపల జరిగేది దగ్గరగా చూస్తే మీటరు ఎందుకు మోసం చేస్తుందో అర్థమవుతుంది. వైరులో సన్నని రాగి పోగులు చాలా ఉంటాయి. పైనున్న తొడుగు సాగుతుంది, రాగి అంత సాగదు. ఒక్కో పోగు తెగుతూ వస్తుంది. పైన చూస్తే చీలిక ఉండదు, నలుపు అలాగే ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పెట్టి వంచుతూ పోతే మాత్రం ఒకచోట వైరు బలం లేనట్టు, లోపల ఎముక లేనట్టు మెత్తగా మడత పడుతుంది. అక్కడ తొడుగు కొంచెం సన్నబడి, రంగు పాలిపోయి ఉంటుంది. తెగిన రెండు కొనలు బండి నిలబడి ఉన్నంతసేపు ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి. ఓం మీటరు పంపే కరెంటు చాలా తక్కువ, దానికి ఆ తాకుడు చాలు. అందుకే మంచి వైరులా చూపిస్తుంది. చక్రం వేలాడగానే కొనలు విడిపోతాయి.

సెన్సర్‌ను మీటరుతో కొలిచేటప్పుడు అది ఏ రకమో ముందు తెలుసుకోవాలి. పాత రకం సెన్సర్లో తీగ చుట్ట ఉంటుంది. మోడల్‌ను బట్టి సుమారు 800 నుంచి 2,000 ఓంల దాకా చూపిస్తుంది, చక్రం తిప్పితే ఏసీ వోల్టేజి పుడుతుంది. ఇప్పటి బండ్లలో ఎక్కువగా ఉండేది రెండు వైర్ల యాక్టివ్ సెన్సర్. అది యూనిట్ నుంచి సప్లై తీసుకుని, సాధారణంగా 7 మిల్లీ ఆంపియర్లు, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుతూ సిగ్నల్ ఇస్తుంది. దాన్ని ఓంలలో కొలిచి లాభం లేదు. ఆ అంకె చూసి పోయిందని పారేసినవాటిలో బాగున్నవి ఎన్నో ఉంటాయి. కప్లర్ విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, యూనిట్ వైపు నుంచి సప్లై వస్తోందా లేదా చూడటం అంతకంటే నమ్మదగిన పరీక్ష.

చక్రం దగ్గర కాకుండా స్టీరింగ్ దగ్గర పుట్టే లోపం మరొకటి ఉంది, దీని మీద జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కొన్ని పనుల్లో సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింది ఉక్కు చట్రం) దించడానికి స్టీరింగ్ షాఫ్ట్ జాయింటు విప్పుతారు. షాఫ్ట్ విడిపోయాక స్టీరింగ్ వీల్‌ను తాడుతోనో, సీటు బెల్టుతోనో కట్టేయకపోతే అది ఎటైనా తిరుగుతుంది. దాని లోపల క్లాక్ స్ప్రింగ్ అనే రిబ్బన్ చుట్ట ఉంటుంది. అది అటూ ఇటూ కొన్ని చుట్లు మాత్రమే తిరగగలదు. నడిమధ్యన లేకుండా బిగిస్తే, మొదటి ఫుల్ టర్నింగ్‌లోనే రిబ్బన్ తెగొచ్చు. ఎయిర్‌బ్యాగ్ లైటు, మోగని హారన్, పని చేయని స్టీరింగ్ బటన్లు కలిసి వస్తే వేరే ఆలోచనే అక్కర్లేదు. ఇక్కడ టెస్టర్ బల్బు, మల్టీమీటరు రెండూ పక్కన పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ వైర్లు, కప్లర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిలోకి కరెంటు పంపితే బ్యాగు పేలే ప్రమాదం ఉంది. బ్యాటరీ నెగెటివ్ తీసి, కంపెనీ మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగి, తెలిసినవాళ్లే చేయాల్సిన పని అది.

క్లాక్ స్ప్రింగ్ తెగకపోయినా స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సున్నా తప్పొచ్చు. ఎత్తు పెంచి వీల్ అలైన్‌మెంట్ చేయించని బండిలో, నేరుగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ వీల్ కాస్త వంకరగా ఉంటుంది. డ్రైవర్ ఒక పక్కకి తిప్పుతున్నాడని స్టెబిలిటీ యూనిట్ అనుకుంటుంది, బండి మాత్రం నేరుగా పోతోంది. రెండు లెక్కలు కుదరక లైటు వేస్తుంది. వైరు వెతికి ప్రయోజనం లేదు. ముందు అలైన్‌మెంట్, ఆ తర్వాత స్కానర్‌తో సున్నా కాలిబ్రేషన్. ఈ వరస తిరగబడితే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. ఆటో లెవలింగ్ హెడ్‌లైట్లున్న కార్లలో సస్పెన్షన్ ఆర్మ్‌కు తగిలించిన చిన్న కడ్డీతో ఎత్తు కొలిచే సెన్సర్ ఉంటుంది. ఎత్తు బాగా మారితే ఆ కడ్డీ హద్దు దాటుతుంది, ఒకోసారి తిరగబడిపోతుంది. కడ్డీ పొడవు సరిచేసి కాలిబ్రేట్ చేస్తే చాలు. కరెంటుతో మెత్తదనం మార్చుకునే ఖరీదైన షాకబ్జర్లు తీసేసి మామూలువి వేస్తే యూనిట్ ఊరుకోదు, ఆ లైటు ఖాయం. అది లోపం కింద లెక్క కాదు.

బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత అద్దాలు ఒక్క నొక్కుకు పైకి రాకపోవడం, గడియారం సున్నాకు రావడం కూడా లోపాలు కావు. బండి తన పాత గుర్తులు మళ్లీ నేర్చుకుంటోంది.

అసలు వింత లోపాలు ఎర్త్ దగ్గర, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో వస్తాయి. హెడ్‌లైట్ వేస్తే ఇండికేటర్ వేగం మారడం, బ్లోయర్ పెంచితే పవర్ స్టీరింగ్ లైటు రావడం, సెల్ఫ్ కొట్టేటప్పుడు డాష్‌బోర్డు ఆరి వెలగడం లాంటివి. సస్పెన్షన్ పనిలో ఎర్త్ బోల్టు విప్పి, పెయింటు వేసిన బ్రాకెట్ మీద మళ్లీ బిగిస్తారు. ఆ పెయింటు పొర కరెంటుకు అడ్డం. చాసిస్ మీద నుంచి బాడీని పైకి లేపినప్పుడు (బాడీ లిఫ్ట్) ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ సాగి పోగులు తెగుతాయి. దీన్ని ఓంలలో కొలవకూడదు, పని చేస్తుండగా కొలవాలి. ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్ చేయాలి. మీటరు డీసీ వోల్టుల మీద ఉండాలి. నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ పోల్ మీద నేరుగా పెట్టాలి, క్లాంపు మీద కాదు. ఎర్ర ప్రోబు ముందు ఇంజన్ మీద, తర్వాత బాడీ మీద, తర్వాత అనుమానం ఉన్న ఎర్త్ బోల్టు మీద. ప్రతిచోటా 0.1 వోల్టు దగ్గర్లో ఉండాలి. 0.2 దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డం ఉంది. అర వోల్టు కనిపిస్తే ఇక మిగతా పరీక్షలన్నీ ఆపి ముందు ఎర్త్ శుభ్రం చేయాలి, లేకపోతే వచ్చే ప్రతి అంకె తప్పే అవుతుంది.

కమాన్లను చాసిస్‌కు తగిలించే షాకిల్ మార్చేటప్పుడో, కొత్త బ్రాకెట్ పెట్టేటప్పుడో చాసిస్ మీద వెల్డింగ్ చేస్తారు. బ్యాటరీ తీయకుండా, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును ఎక్కడో దూరంగా తగిలించి చేస్తే, ఆ కరెంటు బేరింగుల గుండా, ఎర్త్ వైర్ల గుండా తిరిగి ఈసీయూలను (బండిలోని కంప్యూటర్ యూనిట్లను) పాడుచేయగలదు. వెల్డింగ్ జరిగిన బండిలో ఒకదానితో ఒకటి సంబంధం లేని లైట్లు వస్తే ఈ సంగతి తప్పకుండా అడగాలి. యూ కోడ్లు గుట్టగా వస్తే, యూనిట్లు మాట్లాడుకునే రెండు వైర్ల క్యాన్ లైను చూడాలి. బ్యాటరీ తీసి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే మామూలుగా 60 ఓంలు రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది, సున్నా దగ్గరికి వస్తే రెండు వైర్లు తాకుతున్నాయి. కొన్ని కార్లలో ఈ సాకెట్‌కూ అసలు లైనుకూ మధ్య గేట్‌వే అనే మరో యూనిట్ ఉంటుంది, అక్కడ ఈ అంకె పనికిరాదు.

సస్పెన్షన్ పని చేసినవాళ్ల మీద నింద వేసేముందు ఎలుకల సంగతీ చూడాలి. సెల్లార్ పార్కింగ్‌లో ఎలుకలు వైర్లు కొరకడం ఈ ఊళ్లో మామూలే. లాగుకుపోయిన వైరు లోపల తెగుతుంది, తొడుగు ఉంటుంది. ఎలుక కొరికితే తొడుగు ముందు పోతుంది, పళ్ల గాట్లు ఉంటాయి, చుట్టుపక్కల పెంటికలు కనిపిస్తాయి. ఇంకో తికమక వాన. వేసవిలో లిఫ్ట్ చేసిన బండి జూన్ దాకా బాగా తిరుగుతుంది. టోలిచౌకిలోనో లక్డీకాపూల్‌లోనో నిలిచిన నీళ్లలోంచి ఒకసారి వెళ్లాక లైటు వస్తుంది. నీళ్లలో దిగడం వల్లే పోయిందని అనుకుంటారు. లాగుడుకు కప్లర్ సీలు ఒక పక్కకి ఒరిగి అప్పటికే రెండు నెలలైంది, నీళ్లు ఆ సందు వెతుక్కుని వచ్చాయి. కప్లర్ విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటుంది. వైరుకు సూది గుచ్చి టెస్టర్ పెట్టే అలవాటు కూడా ఇలాంటి చిలుముకే దారి.

వైరు దొరికాక అతుకు ఎక్కడ వేయాలన్నది ముఖ్యం. కదిలే భాగంలో, అంటే నకిల్‌కూ బాడీకీ మధ్య ఊగే ముక్కలో అతుకు వేయకూడదు. టంకం వేసిన చోట వైరు గట్టిపడి, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. కదలని బాడీ వైపు, లైనర్ లోపల అతికి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. ట్రూప్‌బజార్‌లో ఇంటి వైరింగ్ కోసం అమ్మే వైరు దీనికి పనికిరాదు. ఊగే చోట సన్నపోగులు ఎక్కువున్న ఆటోమోటివ్ వైరే కావాలి. రెండు వైర్లు మెలి తిప్పి ఉంటే కొత్త ముక్కలోనూ అలాగే మెలి తిప్పాలి. కొన్నిసార్లు అతుకే అక్కర్లేదు. వైరును పట్టిన బ్రాకెట్‌ను కిందికి జరిపితే, లేదా ఒక క్లిప్పు చోటు మారిస్తే కావలసిన వదులు దొరుకుతుంది. మంచి లిఫ్ట్ కిట్లతో పాటు ఈ బ్రాకెట్లు ఇవ్వడం అందుకే. అవి డబ్బాలోనే మిగిలిపోయాయా అని అడగడం తప్పు కాదు.

చట్టం మాటా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. ఎత్తు పెంచేముందు ఆర్టీఏ దగ్గర, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర అడిగి తెలుసుకోవాలి.

బాగు చేశాక బండిని మళ్లీ అదే పరీక్షకు పెట్టాలి. చక్రం వేలాడదీసి, స్టీరింగ్ రెండు చివరలా తిప్పి చూడాలి. తర్వాత జాక్‌తో కింది ఆర్మ్‌ను పైకి లేపి, వైరు స్ప్రింగులోకో, టైరు మీదికో వెళ్తోందా చూడాలి. అదే టార్చి వెలుగులో ఇంకో వస్తువును కూడా చూడాలి. చాలా బండ్లలో స్పీడ్ సెన్సర్ వైరు పక్కనే, తరచుగా అదే బ్రాకెట్ మీద, బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టం) ఉంటుంది. దాన్ని కూడా పాత ఎత్తుకే కొలిచి కోశారు. వైరు బిగుసుకుపోయిన బండిలో హోస్ కూడా బిగుసుకుని ఉండే అవకాశం ఎక్కువ, దానికి డాష్‌బోర్డు మీద ముందుగా చెప్పే లైటు లేదు. మడత దగ్గర రబ్బరు పగిలినా, చివర లోహపు బిగింపు దగ్గర తెల్లగా సాగినట్టున్నా, సరైన పొడవు హోస్ వేసేదాకా ఆ బండిని ఔటర్ రింగ్ రోడ్డు మీదికే కాదు, సెల్లార్ ర్యాంపు మీదికి కూడా తీయకూడదు.